గాజుతొట్టిలో సముద్రం

సముద్రం సహనశీలి. నదులు మోసుకొచ్చే మట్టినీ, జలచరాల విసర్జనలనూ, చనిపోయిన జీవుల కళేబరాలనూ అది తనలో ఇముడ్చుకుంటుంది. ఆ సహనానికి మూలం దాని విస్తీర్ణం. ఒక చేప విడిచిన మలినం అనంతమైన జలరాశిలో కలిసి జాడ తెలియకుండా పోతుంది. అదే సముద్రాన్ని 60 లీటర్ల గాజుతొట్టిలోకి కుదించి ఇంట్లో ఒక మూల నిలిపితే నీరు వస్తుంది, ఉప్పు వస్తుంది, చేపలు వస్తాయి. ఆ సహనం మాత్రం వెంట రాదు. ఒక చిటికెడు మేత ఎక్కువైనా, రాతిచాటున ఒక నత్త చనిపోయినా ఆ చిన్న తొట్టి తట్టుకోలేదు. ఆ అసమతౌల్యం కొద్ది రోజుల్లోనే గాజు మీద పాచిగా, రాళ్ల మీద నాచుగా బయటపడుతుంది.

ఉప్పునీటి అక్వేరియం పెంచేవారిలో ఈ అనుభవం లేనివారు అరుదు. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణాలు కలిపి, ఉష్ణోగ్రతను 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపి, రాళ్లు పేర్చి, రెండు క్లౌన్ చేపలను విడిచిపెడతారు. తొలి రోజుల్లో నీరు స్ఫటికంలా ఉంటుంది. కొన్ని వారాలకు ఇసుక మీద గోధుమరంగు పొడి పేరుకుంటుంది. ఆ తరువాత గాజు మీద ఆకుపచ్చని పొర, రాళ్ల మీద పీచులాంటి నాచు కనిపిస్తాయి. ఆదివారంనాడు శ్రమించి రుద్ది కడిగిన నాచు మరుసటి ఆదివారానికి మళ్లీ వస్తుంది. ఈ పోరాటంలో విసిగిపోయి తొట్టినే ఖాళీ చేసినవారు ఎందరో ఉన్నారు. అటువంటప్పుడు నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు. ఆ నీటినే నమ్ముకొని బ్రతుకుతున్న ప్రాణులు కూడా.

ఈ ఓటమికి ప్రధాన కారణం నాచును రోగంగా భావించడం. నిజానికి నాచు రోగం కాదు, రోగలక్షణం. జ్వరం వచ్చినవాడి నుదుటి మీద తడిగుడ్డ వేస్తే కొంత ఉపశమనం కలుగుతుంది. కాని జ్వర కారణం శరీరంలో అలాగే ఉంటుంది. నాచును రుద్ది తీయడం తడిగుడ్డ వంటిది. అది అవసరమే, కాని అదొక్కటే చాలదు.

శైవలాలను శత్రువులుగా చూడటం కూడా న్యాయం కాదు. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రాలలోనే జరుగుతుంది. అందులో అత్యధిక భాగం కంటికి కనిపించని సూక్ష్మ శైవలాలు, బాక్టీరియాల పని. పగడపు జీవి కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. పగడానికి కావలసిన శక్తిలో ఎక్కువ పాలు వాటి నుంచే లభిస్తుంది. గులాబీ రంగులో గట్టిగా రాళ్లకు అంటుకొని పెరిగే కోరలైన్ శైవలాలు ప్రవాళ భిత్తికలకు సున్నపు పూతలా పనిచేసి దృఢత్వాన్నిస్తాయి. శైవలాలు లేని సముద్రం లేదు. పైరు మధ్యలో మొలిచిన గడ్డిని రైతు కలుపు అంటాడు. అదే గడ్డి గట్టు మీద మొలిస్తే పశువులకు మేత అవుతుంది. అక్వేరియంలో నాచు కూడా అంతే. తగిన చోట, తగినంత ఉంటే అది సంపద. హద్దు మీరితే కలుపు.

ఈ సమస్య అక్వేరియం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1850లో ఇంగ్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ ఒక గాజుపాత్రలో మంచినీరు పోసి, రెండు చిన్న బంగారుచేపలనూ, వాలిస్నేరియా అనే నీటిమొక్కనూ పెంచిన తన ప్రయోగ ఫలితాలను వెల్లడించాడు. చేప విడిచిన కార్బన్ డై ఆక్సైడును మొక్క గ్రహిస్తుంది. మొక్క విడిచిన ఆక్సిజన్‌ను చేప పీలుస్తుంది. లెక్క సరిపోయినట్లే ఉంది. కాని కుళ్లిన ఆకులతోనూ, ఆకుపచ్చని పాచితోనూ కొద్దికాలంలోనే నీరు పాడవసాగింది. అప్పుడు వారింగ్టన్ చెరువు నత్తలను తెచ్చి ఆ పాత్రలో విడిచాడు. అవి కుళ్లిన ఆకులనూ, పాచినీ తిని పాత్రను శుభ్రపరిచాయి. చేప, మొక్క అనే ఇద్దరితో నిలవని సంసారం మూడవ ప్రాణి రాకతో నిలబడింది. తరువాత కొద్ది సంవత్సరాలకే ఆయన సముద్రజలంతోనూ ఇటువంటి ప్రయోగాలు చేశాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపలశాల తెరుచుకుంది.

సముద్రజీవుల పెంపకం మాత్రం చాలాకాలం కష్టసాధ్యంగానే ఉండిపోయింది. 1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో తన పద్ధతిని వివరించాడు. అతడు పెద్ద యంత్రాలేవీ వాడలేదు. సముద్రం నుంచి తెచ్చిన, సూక్ష్మజీవులతో నిండిన రాళ్లు, సముద్రపు నీరు, ఎండ, కొద్దిపాటి గాలిబుడగలు - ఇవే అతని సామగ్రి. నీటిని శుద్ధిచేసే పనిని ఆ రాళ్లలోని జీవులే నెరవేర్చాయి. వారింగ్టన్ నత్తా, లీ చిన్ ఎంగ్ రాయీ చెప్పేది ఒకటే: చిన్న తొట్టిలో సముద్రాన్ని నిలిపేది యంత్రం కంటే ముందుగా జీవుల మధ్య ఉండే పరస్పర సంబంధం.

ఆ సంబంధం ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే మేత ప్రయాణాన్ని గమనించాలి. చేపకు వేసిన మేతలో నత్రజని, భాస్వరం ఉంటాయి. చేప తిన్నది విసర్జనగా, తిననిది కుళ్లుగా నీటిలో కలుస్తుంది. దాని నుంచి మొదట అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైట్‌గానూ, మరొక రకం నైట్రేట్‌గానూ మారుస్తాయి. నైట్రేట్ విషప్రభావం చాలా తక్కువ. అందువల్ల చేపలు క్షేమంగానే ఉంటాయి. కాని ఆ నైట్రేట్ ఎక్కడికీ పోదు. రాళ్ల లోపలి ఆక్సిజన్ అందని పొరల్లో ఉండే బాక్టీరియా కొంత భాగాన్ని నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపుతుంది. మిగిలినది నీటిలో పేరుకుపోతుంది. ఫాస్ఫేట్‌కు వాయువుగా మారి వెళ్లిపోయే దారి కూడా లేదు. రైతు పొలానికి యూరియా, సూపర్ ఫాస్ఫేట్ చల్లినట్లే యజమాని ప్రతిరోజూ మేత రూపంలో తన తొట్టికి ఎరువు వేస్తున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాచుకు ఆహారం అందించే చెయ్యి చేపలను ప్రేమతో పోషించే చెయ్యే కావడం ఇక్కడి విశేషం.

ఆ ఎరువు ఎంత కొద్దిగా ఉన్నా చాలునన్న సంగతి అమెరికన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ పరిశోధనల వల్ల తెలుస్తుంది. సముద్రంలో తేలియాడే సూక్ష్మజీవులలో మూలకాల నిష్పత్తి ఇంచుమించు స్థిరంగా ఉంటుందని ఆయన 1934లో గుర్తించాడు. తరువాతి కాలంలో ఆ నిష్పత్తి కార్బన్ 106, నత్రజని 16, భాస్వరం 1గా ప్రసిద్ధికెక్కింది. రాళ్లకు అంటుకొని పెరిగే నాచులో ఈ అంకెలు కొంత మారవచ్చు. కాని సారాంశం ఒక్కటే. ఒక భాస్వరం పరమాణువు దొరికితే చాలు, శైవలం వందకు పైగా కార్బన్ పరమాణువులను తన దేహంలో చేర్చుకోగలదు. ఆ కార్బన్ గాలి నుంచి, నీటి నుంచి ఉచితంగా లభిస్తుంది. కాబట్టి అణుమాత్రమైన ఫాస్ఫేట్ నుంచి గుప్పెడు నాచు పుడుతుంది.

ఎరువుకు రెండవ ద్వారం నీరు. కుళాయినీటిలోనూ, బోరుబావి నీటిలోనూ నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికా కరిగి ఉండవచ్చు. ఎరువులు విరివిగా వాడే వ్యవసాయ ప్రాంతాల భూగర్భజలాల్లో నైట్రేట్ అధికంగా ఉండటం తెలిసిన విషయమే. తొట్టి నుంచి ఆవిరయ్యేది స్వచ్ఛమైన నీరు మాత్రమే. లవణాలన్నీ లోపలే మిగులుతాయి. వేసవిలో 60 లీటర్ల తొట్టి నుంచి రోజుకు ఒక లీటరు ఆవిరవుతుందనీ, ఆ లోటును కుళాయినీటితో భర్తీ చేస్తున్నారనీ అనుకుంటే, 60 రోజులలో మరొక నిండు తొట్టెడు కుళాయినీటిలోని మలినాలు అందులో చేరినట్లవుతుంది. తొట్టి పరిమాణం పెరగలేదు. మలినాలు మాత్రం పోగుపడ్డాయి. అందుచేత ఆవిరైన నీటికి బదులు పోసేదీ, కృత్రిమ సముద్రలవణం కలపడానికి వాడేదీ ఆర్‌ఓ యంత్రంలో శుద్ధిచేసిన నీరై ఉండాలి. లోటు భర్తీకి ఉప్పు కలిపిన నీటిని వాడరాదు. ఉప్పు ఆవిరి కాలేదు కనుక అలా చేస్తే లవణసాంద్రత పెరిగిపోతుంది.

మూడవ అంశం వెలుతురు. పగడాలకు వెలుతురు అవసరం, నాచుకూ అంతే. కిటికీ పక్కన ఉంచిన తొట్టి మీద నేరుగా ఎండపడితే నాచుకు పండుగే. దీపాలు రోజుకు ఎనిమిది గంటలు వెలిగితే సామాన్యంగా సరిపోతుంది. ఇంట్లో ఎవరో ఒకరు గుర్తుంచుకొని ఆర్పడం కంటే టైమర్ అమర్చడం మేలు.

చికిత్సకు ముందు రోగనిర్ధారణ జరగాలి. తొట్టిలో కనిపించే పాచి అంతా ఒకే జాతి కాదు. కొత్త తొట్టిలో ఇసుక మీద పడే గోధుమరంగు పొడి డయాటమ్‌లది. వాటి కణకవచాలకు సిలికా కావాలి. నీటిలోని సిలికా తరిగిపోగానే అవి చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. ఆకుపచ్చని పీచునాచు నైట్రేట్, ఫాస్ఫేట్‌ల ఆధిక్యానికి గుర్తు. ముదురు ఎరుపు, ఊదా రంగుల్లో చాపలా పరుచుకొని, బుడగలతో జిగురుగా ఉండే పొర అసలు శైవలమే కాదు; అది సయనోబాక్టీరియా. నీటి ప్రవాహం మందగించి మలినాలు పేరుకున్న చోట అది ఎక్కువగా కనిపిస్తుంది. దానిలో కొన్ని జాతులు నత్రజని వాయువును సొంతంగా స్థిరీకరించుకోగలవు కాబట్టి నైట్రేట్ తగ్గించినంత మాత్రాన అవి లొంగవు. గోలీల్లా మెరిసే ఆకుపచ్చని బుడగలు వాలోనియా జాతివి. గోలీకాయంత ఉన్న ఆ బుడగ ఒకే ఒక్క కణం కావడం వృక్షశాస్త్రంలోని వింతలలో ఒకటి. దానిని పగలకుండా, మొదలంటా ఊడదీయడం మంచిది. గోధుమరంగు జిగురుదారాలుగా, చివర బుడగలతో వేలాడేవి డైనోఫ్లాజెల్లేట్‌లు కావచ్చు. వీటి ప్రవర్తన తక్కిన వాటికి విరుద్ధం. నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా అడుగంటినప్పుడు, పోటీపడే ఇతర జీవులు క్షీణించిన చోటును అవి తరచుగా ఆక్రమిస్తాయి.

ఇక్కడ కొత్తవారిని తప్పుదోవ పట్టించే ఒక విషయం ఉంది. తొట్టి నిండా నాచు ఉన్నా, నీటిని పరీక్షిస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా అని రావచ్చు. దానిని చూసి నీరు శుద్ధంగా ఉందని భ్రమపడరాదు. పోషకాలు లేకపోవడం వల్ల కాదు, నాచు వాటిని ఎప్పటికప్పుడు పీల్చుకోవడం వల్ల పరీక్షలో అవి కనిపించడం లేదు. ఖర్చయిపోయిన జీతాన్ని బట్టి అసలు జీతమే రాలేదనడం ఎంత పొరపాటో ఇదీ అంతే.

నియంత్రణలో మొదటి మెట్టు చేతిపని. నీటి సరఫరా పంపును ఆపి, పీచునాచును వేళ్లతో పీకి, మిగిలినదానిని పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తేలిన ముక్కలను సన్నని గొట్టంతో నీటితోపాటు బయటికి లాగాలి. రుద్ది వదిలేయడం సగం పని మాత్రమే. నాచు తన దేహంలో దాచుకున్న నత్రజని, భాస్వరాలు దానితోపాటు తొట్టి దాటి వెలుపలికి పోవాలి. లోపలే కుళ్లితే అవి మళ్లీ నీటిలో కలిసి కొత్త నాచుకు ఎరువవుతాయి.

రెండవ మెట్టు రాకపోకల లెక్క. ఒక తొట్టిలో మేత వల్ల వారానికి లీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున నైట్రేట్ పెరుగుతోందనీ, దానిని తగ్గించే మార్గం నీరు మార్చడం ఒక్కటేననీ ఊహించవచ్చు. వారానికి పదోవంతు నీరు మార్చితే నైట్రేట్ క్రమంగా పెరిగి లీటరుకు 50 మిల్లీగ్రాముల దగ్గర నిలుస్తుంది. ఎందుకంటే 50లో పదోవంతు 5. అప్పటికి గాని వచ్చేదీ పోయేదీ సమానం కావు. వారానికి నాలుగోవంతు మార్చితే అది 20 దగ్గర నిలుస్తుంది. మేతను సగానికి తగ్గించి, నాలుగోవంతు నీరే మార్చితే 10కి దిగుతుంది. మేత తగ్గించకుండా అదే ఫలితం సాధించాలంటే ప్రతివారం సగం తొట్టి నీరు మార్చవలసి ఉంటుంది. ఈ చిన్న లెక్క ఒక పెద్ద సత్యాన్ని చెబుతోంది. తరువాత తోడిపోయడానికి పడే శ్రమ కంటే ముందుగా చేతిని అదుపులో ఉంచుకోవడం సులభం. రెండు చిన్న చేపలకు రెండు నిమిషాలలో తినగలిగినంత మేత చాలు. గడ్డకట్టించిన మేతను కరిగించి, ఆ నీటిని పారబోసి, మేతను మాత్రమే వేయడం మరొక మంచి అలవాటు.

పోషకాలను బయటికి పంపే ఇతర మార్గాలూ ఉన్నాయి. తీరాన అలలు విరిగినప్పుడు నురుగు రావడం అందరూ చూసినదే. నీటిలో కరిగిన సేంద్రియ పదార్థాలు గాలిబుడగలకు అంటుకోవడం ఆ నురుగుకు ఒక కారణం. ప్రోటీన్ స్కిమ్మర్ అనే పరికరం ఈ సూత్రాన్నే అనుసరించి, మలినాలు కుళ్లి నైట్రేట్‌గా మారకముందే వాటిని నురుగుతో పాటు బయటికి తీస్తుంది. ఐరన్ ఆక్సైడు గుళికలు ఫాస్ఫేట్‌ను తమ ఉపరితలం మీద పట్టి ఉంచుతాయి. వీటన్నిటికన్నా ఆసక్తికరమైన మార్గం నాచును నాచుతోనే జయించడం. ప్రధానమైన తొట్టికి అనుబంధంగా మరొక చిన్న గదిని ఏర్పరచి, అందులో కీటోమార్ఫా వంటి నాచును ప్రత్యేక దీపకాంతిలో పెంచుతారు. అది పోషకాలను గ్రహించి వేగంగా పెరుగుతుంది. దానిని అప్పుడప్పుడు కోసి తీసివేస్తే పోషకాలు కూడా వెళ్లిపోతాయి. ఆ దీపాన్ని రాత్రివేళ వెలిగిస్తే చీకట్లో ప్రధానమైన తొట్టి పిహెచ్ పడిపోకుండా కొంత కాపాడుతుంది. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ 1980లలో శైవలాల పొరల చేత నీటిని శుద్ధి చేయించే పద్ధతిని అభివృద్ధి చేశాడు. కలుపుమొక్కనే పారిశుద్ధ్య పనివాడిగా మార్చిన ఆలోచన అది.

మూడవ మెట్టు మేసే జీవులు. ట్రోకస్, టర్బో, సెరిత్ జాతుల నత్తలు, ఖాళీ శంఖాలలో కాపురముండే హెర్మిట్ పీతలు, చిన్న జాతుల సీ అర్చిన్‌లు నాచును మేస్తాయి. సర్జన్ చేపలు కూడా మేస్తాయి గాని, వాటికి వందల లీటర్ల నీరు కావాలి. చిన్న తొట్టిలో వాటిని బంధించడం హింస. నత్తల విషయంలోనూ పరిమితి పాటించాలి. అవి నాచును తిని దానిలోని పోషకాలలో కొంత మళ్లీ నీటిలోకే విసర్జిస్తాయి. పైగా ఆత్రపడి చిన్న తొట్టిలో పాతిక నత్తలను వదిలితే నాచు అయిపోయాక అవి ఆకలితో చస్తాయి. వాటి కళేబరాలే కొత్త నాచుకు ఎరువవుతాయి.

మేసే జీవుల విలువ ఎంతటిదో కరీబియన్ సముద్రంలో జరిగిన ఒక విషాదం లోకానికి తెలియజేసింది. అక్కడి ప్రవాళ భిత్తికల మీద డయడెమా అనే పొడవైన ముళ్లున్న సీ అర్చిన్‌లు అసంఖ్యాకంగా ఉండేవి. 1983 జనవరిలో పనామా తీరాన అవి హఠాత్తుగా చనిపోవడం మొదలై, 1984 నాటికి ఆ వ్యాధి కరీబియన్ ప్రాంతమంతటా వ్యాపించింది. నూటికి తొంభైకి పైగా నశించాయి. జమైకాలో నాచును మేసే చేపలను మనుషులు అప్పటికే పట్టి తరిగించారు. 1980లో వచ్చిన పెనుతుపాను పగడాలను విరిచింది. చివరకు సీ అర్చిన్‌లు కూడా పోవడంతో నాచుకు అడ్డు లేకపోయింది. 1970ల చివర సముద్రగర్భంలో సుమారు సగభాగాన్ని కప్పి ఉన్న పగడాలు 1990ల తొలినాళ్లకు నూటికి ఐదు పాళ్లకన్నా తక్కువకు పడిపోయాయి. 2022లో కరీబియన్‌లో ఆ జీవులు మళ్లీ పెద్దసంఖ్యలో మరణించాయి. ఈసారి కారణం ఒక ఏకకణ పరాన్నజీవి అని 2023లో శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. అంత విశాలమైన సముద్రమే ఒక్క మేత జీవిని కోల్పోయి తలకిందులైనప్పుడు, 60 లీటర్ల తొట్టి సంగతి చెప్పనవసరం లేదు.

త్వరపడేవారికి అంగళ్లలో మందులు దొరుకుతాయి. కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత ఇక్కడ చక్కగా వర్తిస్తుంది. రాగి కలిసిన మందులు నాచుతోపాటు నత్తలనూ, రొయ్యలనూ, పగడాలనూ చంపుతాయి. సయనోబాక్టీరియాను చంపే యాంటీబయాటిక్‌లు అమ్మోనియాను శుద్ధిచేసే మేలైన బాక్టీరియాకు కూడా హాని చేయవచ్చు. నాచు మొత్తం ఒక్కసారిగా చచ్చి కుళ్లితే నీటిలోని ఆక్సిజన్ తరిగిపోయి చేపలు రాత్రికి రాత్రే ఊపిరాడక మరణించవచ్చు. భయపడి చేపలను పస్తులుంచడం, నైట్రేట్, ఫాస్ఫేట్‌లను సున్నాకు దించడం కూడా అతివాదమే. పగడాలకూ కొద్దిపాటి పోషకాలు అవసరం. అవి అందకపోతే పగడాలు పాలిపోతాయి. అతి ఎక్కడా పనికిరాదు. సున్నా కూడా ఒక అతియే.

వీటన్నిటికంటే దుర్లభమైన ఔషధం ఓర్పు. రాళ్లలోని సున్నం ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుకుంటుంది. నీటిలో ఫాస్ఫేట్ తగ్గగానే తాను దాచుకున్నదానిని కొద్దికొద్దిగా విడుస్తుంది. అందువల్ల సరైన చర్యలు తీసుకున్న తరువాత కూడా వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలపాటు నాచు కొనసాగవచ్చు. ఈ దశలో మందగించిన పెరుగుదలే విజయానికి సూచన. వేసిన మేత, మార్చిన నీరు, పరీక్షల అంకెలు, తీసిన నాచు పరిమాణం వారం వారం ఒక పుస్తకంలో రాసుకుంటే మార్పు కంటికి కనిపిస్తుంది. రోజుకొక మందు మార్చేవాడికి ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలియదు.

గాజుతొట్టి యజమాని బాధ్యత తొట్టి అంచుతో ముగియదు. 1984లో మొనాకోలోని సముద్రశాస్త్ర ప్రదర్శనశాల ఎదుట సముద్రంలో కాలెర్పా టాక్సిఫోలియా అనే అందమైన ఆకుపచ్చ నాచు ఒక చదరపు మీటరు మేర కనిపించింది. అది అక్వేరియంలలో అలంకారానికి పెంచే నాచు. చలిని తట్టుకొనే ఆ రకం మధ్యధరా సముద్రంలో కొన్నేళ్లలోనే వేల హెక్టార్లకు పాకింది. 2000లో అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలోనూ అది బయటపడింది. అధికారులు దానిపై పట్టాలు కప్పి, క్లోరిన్ ప్రయోగించి, 2006 నాటికి గాని నిర్మూలించలేకపోయారు. అందుచేత తొట్టి నుంచి తీసిన నాచును, చేపలను, నీటిని చెరువుల్లో గాని, కాలువల్లో గాని, సముద్రంలో గాని వదలరాదు. నాచును ఎండబెట్టి చెత్తలో వేయాలి.

తొట్టిలోకి తెచ్చేవాటి విషయంలోనూ వివేకం అవసరం. మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ దీవులలోని ప్రవాళ భిత్తికలు భారతదేశ సంపద. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి 2001లో పగడాలను చేర్చారు. వాటిని సముద్రం నుంచి సేకరించడం, అమ్మడం నేరం. ప్రాణం లేని రాళ్లను, పింగాణీ దిమ్మలను తొట్టిలో ఉంచినా కొన్ని నెలల్లో మేలైన బాక్టీరియా వాటిలో నివాసం ఏర్పరచుకుంటుంది. క్లౌన్ చేపల వంటి అలంకార మత్స్యాలను హేచరీలలో పిల్లలు చేయించే పద్ధతులను కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది. సముద్రాన్ని ప్రేమించేవారు సముద్రాన్ని కొల్లగొట్టనవసరం లేదు.

ఒక చిన్న గాజుతొట్టి నేర్పే ఈ పాఠం ఊరి చెరువుకూ వర్తిస్తుంది. హైదరాబాదులోని హుస్సేన్ సాగర్ దశాబ్దాలుగా మురుగునీటి భారాన్ని మోసింది. నత్రజని, భాస్వరాలు ఎక్కువై అక్కడి నీరు ఆకుపచ్చబడటం, దుర్గంధం రావడం నగరవాసులు ఎరిగినవే. పైకి తేలిన నాచును యంత్రాలతో తొలగించినా, మురుగు వచ్చే దారి మూయనంతకాలం అది మళ్లీ వస్తుంది. తొట్టిలో మేత చిటికెడు. చెరువులో అది మురుగుకాలువ. పరిమాణం మారింది గాని సూత్రం మారలేదు. లోపలికి వచ్చేది, బయటికి పోయేది సమానమైనప్పుడే నీరు ఆరోగ్యంగా ఉంటుంది. ఆ లెక్కను 60 లీటర్లలో నేర్చుకున్న విద్యార్థికి రేపు ఒక చెరువును కాపాడే అవకాశం వస్తే, ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో తెలిసే ఉంటుంది.